రేపల్లె షాపు కంప్యూటర్: అప్‌డేట్ తర్వాత లేవని ఆరు రోజులు

ముందు మెషీన్ వివరాలు రాసిపెడుతున్నాను, రేపు నాకే అవసరం పడతాయి. నాలుగో తరం ఐ3, 8 జీబీ ర్యామ్, 240 జీబీ ఎస్‌ఎస్‌డీ. ఉండేది రేపల్లెలో బావగారి జిరాక్స్ షాపులో. విండోస్ 10కి 2025 అక్టోబరు 14తో సపోర్ట్ అయిపోతుందని ముందే తెలుసు. విండోస్ 11 పెడదామంటే ఈ ప్రాసెసర్‌ను అది దగ్గరికి రానివ్వదు, ఎనిమిదో తరం నుంచీ మాత్రమే. కొత్తది కొందామంటే బావగారు "ఇది బానే నడుస్తోందిగా" అన్నారు. అందుకని మొన్న ఎండాకాలంలో వెళ్ళి, విండోస్ బదులు వాడే ఉచిత సిస్టమ్ లినక్స్ మింట్ ఎక్కించి వచ్చాను. స్కానింగ్, ప్రింటింగ్, బ్రౌజర్‌లో ఫారాలు నింపడం: షాపుకు కావలసింది అంతే. ఆరు నెలలు ఫోన్ రాలేదు.

నవంబరు 4, మంగళవారం

పొద్దున ఎనిమిదిన్నరకి అక్క ఫోన్. "తమ్ముడూ, కంప్యూటరు లేవట్లేదంట, మీ బావగారు తల పట్టుకుని కూర్చున్నారు."

నవంబరు కదా, కేంద్ర పెన్షనర్లు లైఫ్ సర్టిఫికెట్ ఇవ్వాల్సిన నెల. ముఖం చూపించడం ఫోన్లోనే అయిపోతుంది గానీ, పెద్దవాళ్ళకి చేతిలో కాగితం పడాలి. దానికి తోడు తుఫాను. అక్టోబరు 28 రాత్రి మొంథా తీరం దాటినప్పటి నుంచీ పంట నష్టం కాగితాల జిరాక్సులకి రైతులు వస్తూనే ఉన్నారట.

వీడియో కాల్ పెట్టించాను. నల్ల స్క్రీన్, తెల్ల అక్షరాలు. ఈలోపు షాపు ముందు ముగ్గురు చేరి ఎవరి తీర్పు వాళ్ళు ఇచ్చేశారు. ఎదురు కొట్టాయన ఎస్‌ఎంపీఎస్ (లోపలికి కరెంటు ఇచ్చే భాగం) పోయిందన్నాడు. ఇంకెవరో ర్యామ్ తీసి రబ్బరుతో రుద్దమన్నారు. తుఫాను తర్వాత కరెంటు వారం రోజులుగా వస్తూ పోతూ ఉంది కాబట్టి నేరం కరెంటు మీదికి పోయింది. నేనూ అదే అనుకున్నాను. "యూపీఎస్ తీసేసి డైరెక్టుగా గోడకి పెట్టి చూడండి బావగారూ" అని ఓ పావుగంట వృథా చేయించాను. ఎస్‌ఎంపీఎస్ పోతే స్క్రీన్ మీద అక్షరాలెలా వస్తాయన్న ఆలోచనే నాకు రాలేదు.

తర్వాత అడిగాను, "అట్టడుగు నుంచి రెండో మూడో లైన్లో ఏముందో అక్షరం అక్షరం చదవండి."

ఆయన ఒకటో తరగతి వాచకంలా చదివారు. కెర్నల్ పానిక్. నాట్ సింకింగ్. వీఎఫ్‌ఎస్. అనేబుల్ టు మౌంట్ రూట్ ఎఫ్‌ఎస్ ఆన్ అన్‌నోన్ బ్లాక్, బ్రాకెట్లో సున్నా కామా సున్నా.

ఆ సున్నా కామా సున్నా వినగానే ఊపిరి పీల్చుకున్నాను. డిస్క్ పోలేదు. కెర్నల్, అంటే సిస్టమ్ గుండెకాయ, లేచింది, కానీ దానికి ఇల్లెక్కడో తెలియలేదు. సంగతేమిటంటే, కెర్నల్ లేచాక డిస్కును చదవాలంటే డ్రైవర్లు కావాలి, ఆ డ్రైవర్లు ఉండేది ఆ డిస్కు మీదే. తాళంచెవి ఇంట్లో పెట్టి తలుపు లాక్కున్నట్టు. అందుకే ఆ చెవుల గుత్తిని విడిగా ఒక చిన్న మూటలో కట్టి బూట్ ఫోల్డర్‌లో పెడతారు, దాని పేరు ఇనిట్‌ఆర్‌డీ. గ్రబ్ అనే బూట్ మెనూ ప్రోగ్రాము కెర్నల్‌ను, ఈ మూటను కలిపి మెమరీలోకి ఎక్కిస్తుంది. డిస్కును యూయూఐడీ అనే పొడుగాటి పేరుతో వెతికి పట్టుకునే పని కూడా ఆ మూటలోని స్క్రిప్టులదే. మూట లేకపోతే కెర్నల్ చెప్పే మాట సరిగ్గా ఇదే: అన్‌నోన్ బ్లాక్ సున్నా, సున్నా.

అంటే కొత్త కెర్నల్‌కు మూట తయారవలేదు. మరి పాత కెర్నల్‌కు ఉండాలి కదా. మళ్ళీ ఆన్ చేయించాను. కిందటిసారి సరిగ్గా లేవలేదని గ్రబ్‌కు గుర్తుంటుంది, అప్పుడు మెనూ దాచకుండా చూపించి 30 సెకన్లు ఆగుతుంది. బావగారు ఆ మెనూను పొద్దున్నుంచీ నాలుగుసార్లు చూశారట, "అది మామూలుగా వచ్చేదేమో అనుకున్నా" అన్నారు. రెండో లైన్, అడ్వాన్స్‌డ్ ఆప్షన్స్. అందులో వెర్షన్ నంబరు 85తో ముగిసేది కొత్త కెర్నల్, 84తో ముగిసేది మొన్నటిదాకా నడిచింది. బాణం కిందికి నొక్కి 84 ఎంచుకున్నారు. నిమిషంలో డెస్క్‌టాప్ వచ్చేసింది. షాపులో చప్పట్లు కూడా వినపడ్డాయి.

అప్పుడడిగాను, "నిన్న సాయంత్రం అప్‌డేట్ పెట్టినప్పుడు ఏమన్నా వచ్చిందా?"

"ఏదో డబ్బా వచ్చింది. క్లోజ్ కొట్టా."

"ఏముంది అందులో?"

"ఇంగ్లీషులో ఏదో ఉంది నాయనా, షాపు కట్టే టైము."

నవంబరు 5, బుధవారం

కార్తీక పౌర్ణమి. షాపులో జనం పల్చగా ఉన్నారు. సాయంత్రం అయిదింటికి ఫోన్లో కూర్చున్నాం. వెనకాల అక్క గొంతు వినపడుతూనే ఉంది, 365 వత్తులు నేతిలో నానబెట్టి గుడికి బయల్దేరడానికి ఎదురుచూస్తోంది.

మొదట డిస్కులో చోటు చూపించే డీఎఫ్ కమాండు కొట్టించాను. రూట్‌లో, అంటే సిస్టమ్ మిగతా అంతా ఉండేచోట, ఖాళీ బోలెడు. దాని కింద లైన్, బూట్: 100 శాతం.

అది చూడగానే నవ్వొచ్చింది, కొంచెం సిగ్గు కూడా వేసింది. ఎండాకాలంలో ఇన్‌స్టాల్ చేసినప్పుడు ఏదో పాత గైడు చూసి, బూట్‌కు వేరే పార్టిషన్ (డిస్కులో విడిగా కోసిన భాగం) ఉండాలట అని 300 ఎంబీతో ఒకటి కోశాను. ఈ మెషీన్‌కు ఆ అవసరమే లేదు. డిస్కును ఎన్‌క్రిప్ట్ చేసినవాళ్ళకి కావాలి, నేను చేయలేదు. ఆ గైడు రాసిన రోజుల్లో మూట సైజు తక్కువ. ఇప్పుడు ఒక్కో కెర్నల్ తన సరంజామాతో కలిపి ఈ మెషీన్‌లో 90 ఎంబీ పైనే తింటోంది. రెండు పట్టాయి, 64, 84. మూడోది వచ్చి గుమ్మంలో ఇరుక్కుంది.

అప్‌డేట్ లాగ్ తెరిపించాను, ప్యాకేజీలు ఎక్కుతున్నప్పుడు టెర్మినల్‌లో ఏం పడిందో మొత్తం అందులో ఉంటుంది. సోమవారం సాయంత్రం ఆరూ నలభైకి, నో స్పేస్ లెఫ్ట్ ఆన్ డివైస్. అక్కడితో ఆగిపోయి ఉంటే ఏ గొడవా లేదు, పాత కెర్నల్‌తోనే లేచేది. కానీ అదే విడతలో గ్రబ్ ప్యాకేజీ కూడా అప్‌డేట్ అయింది. అది తన జాబితా మళ్ళీ రాసుకుంది. ఆ నాలుగు లైన్లూ బావగారు కెమెరాలో చూపించారు: 85 కెర్నల్ దొరికింది. 84 కెర్నల్ దొరికింది, 84 మూట దొరికింది. 64 కూడా అలాగే జంటగా. 85కు మాత్రం జంట లేదు. గ్రబ్ దానికేమీ బాధపడలేదు, కొత్తది కాబట్టి దాన్నే పైన కూర్చోబెట్టింది.

ఇక చోటు ఖాళీ చేయాలి. పాత 64ను ప్యాకేజీ మేనేజర్‌తోనే తీసేయాలి, అదే పద్ధతి. కానీ సగంలో ఆగిన 85 పూర్తయ్యేదాకా అది ఇంకో పని ముట్టుకోనంది. 85 పూర్తి కావాలంటే చోటు కావాలి. ప్యాకేజీ మేనేజర్ కింద పనిచేసే డీపీకేజీ కమాండుతో నేరుగా తీయొచ్చని నాకు రాత్రి పదకొండింటికి గుర్తొచ్చింది, ఏం లాభం. ఆ సాయంత్రం మాత్రం చేత్తోనే 64 ఫైళ్ళు చెరిపించి ముందుకెళ్దామనుకున్నాను.

బావగారు బూట్ ఫోల్డర్‌లోకి వెళ్ళారు. నేను చెప్తున్నాను: "సుడో, ఆర్‌ఎం, స్పేస్, స్టార్, అరవై నాలుగు, స్టార్. ఎంటర్." ఆర్‌ఎం అంటే ఫైళ్ళు చెరిపే కమాండు, సుడో దానికి అధికారం ఇస్తుంది. పేరులో 64 ఉన్న ఫైళ్ళన్నీ పోవాలి, నాలుగో అయిదో.

ఎంటర్ కొట్టారు. "గబగబా ఓ ఇరవై లైన్లు పడ్డాయిరా."

"ఏమంటున్నాయి?"

"నో సచ్ ఫైల్ ఆర్ డైరెక్టరీ... నో సచ్ ఫైల్... ఒకచోట ఈజ్ ఏ డైరెక్టరీ అంటోంది."

నేనన్న మాట ఇది, ఉన్నదున్నట్టు రాస్తున్నాను: "పర్లేదు, లేని ఫైల్ తీయమంటే అలాగే అంటుంది."

వెనక నుంచి అక్క, "చంద్రుడొచ్చేశాడు, ఇక చాలు." మిగతాది రేపు చేద్దామనుకున్నాం. బావగారు మెషీన్ షట్‌డౌన్ చేసి గుడికి వెళ్ళిపోయారు.

నవంబరు 6, గురువారం

ఈసారి పానిక్ కూడా లేదు. మెనూ వస్తోంది, 85 ఎంచుకుంటే "ఫైల్ నాట్ ఫౌండ్", దాని కింద "యూ నీడ్ టు లోడ్ ద కెర్నల్ ఫస్ట్". 84 ఎంచుకున్నా అంతే. 64 ఎంచుకున్నా అంతే.

నిన్న ఏం కొట్టారో ఫోటో తీశారా అనడిగాను. అదృష్టవశాత్తూ వీడియో కాల్‌లో నేనే స్క్రీన్‌షాట్ తీసి ఉన్నాను, లాగ్ కోసం తీసిన దాని తర్వాతి దాంట్లో ఒక మూల కనపడింది. పెద్దది చేసి చూశాను.

ఆర్‌ఎం * 64 *

స్టార్‌కు, అరవై నాలుగుకు మధ్య ఖాళీ. అరవై నాలుగుకు, రెండో స్టార్‌కు మధ్య ఖాళీ. నేను ఒక్కో మాట ఆగి ఆగి చెప్పాను, ఆయన ఆగినచోటల్లా స్పేస్ కొట్టారు. ఆయన తప్పేముంది? ఫోన్ నంబరు కూడా మనం అలాగే చెప్తాం, అలాగే రాసుకుంటాం. కానీ విడిగా నిలబడ్డ స్టార్ అంటే ఇక్కడున్న అన్ని ఫైళ్ళూ అని అర్థం. మొదటి స్టార్ అన్నిటినీ ఊడ్చేసింది. తర్వాత 64 అనే పేరుతో ఫైలేదీ లేదంది. రెండో స్టార్ దగ్గర అవే పేర్లు మళ్ళీ వచ్చాయి, అప్పటికే పోయాయి కాబట్టి ఒక్కోదానికీ నో సచ్ ఫైల్ అంటూ వరస కట్టింది. ఆ ఇరవై లైన్లు అవే. ఫోల్డర్లను మాత్రం ఆర్‌ఎం అంత తేలిగ్గా తీయదు కాబట్టి గ్రబ్ ఫోల్డర్ బతికిపోయింది, మెనూ వస్తున్నది అందుకే.

ఇంకా బాధ పెట్టిన సంగతి, నడుస్తున్న లినక్స్‌కు ఆ ఫైళ్ళతో పని లేదు. కెర్నల్ అప్పటికే మెమరీలో ఉంటుంది. నిన్న రాత్రి షట్‌డౌన్ చేయకుండా ఉంటే, బూట్ మొత్తం ఖాళీగా ఉంది కాబట్టి, కెర్నల్ ప్యాకేజీని పది నిమిషాల్లో మళ్ళీ ఎక్కించేసేవాణ్ణి. ఆ ఇరవై లైన్లలో మూడు పూర్తిగా చదివించి ఉంటే చాలు.

లేవని మెషీన్‌ను ఫోన్లో బాగుచేయలేం. 2024 జులై 19న ఒక సెక్యూరిటీ కంపెనీ పంపిన తప్పు అప్‌డేట్‌కు ప్రపంచమంతా 85 లక్షల విండోస్ మెషీన్లు పడిపోయినప్పుడు కూడా చాలాచోట్ల ఇదే కథ. తీయాల్సింది ఒక్క ఫైలు, కానీ మెషీన్ లేవదు కాబట్టి మనిషి దాని ముందుకు వెళ్ళాలి. హైదరాబాద్ విమానాశ్రయంలో బోర్డింగ్ పాసులు చేత్తో రాసిచ్చారు ఆ రోజు. బావగారు కూడా ఈ రోజు బిల్లు పుస్తకం తీశారట.

శనివారం దాకా నాకు సెలవు లేదు. మేనకోడలి ల్యాప్‌టాప్ షాపులోకి వచ్చింది. దానికి ఆన్‌లైన్ క్లాసు ఉందని అలిగిందట.

నవంబరు 8, శనివారం

బ్యాగులో: మింట్ లైవ్ పెన్‌డ్రైవ్, అది మొరాయిస్తే ఇంకోటి, 1 టీబీ ఎక్స్‌టర్నల్ డిస్క్, వైరున్న పాత కీబోర్డ్. విజయవాడలో ఆరున్నర బస్సు, తెనాలిలో దిగి టీ, అక్కడి నుంచి ఇంకో బస్సు. దారి పొడవునా పడిపోయిన వరి ఇంకా నీళ్ళలోనే ఉంది. పదింటికి షాపులో ఉన్నాను.

లోపలి డిస్కుతో పనిలేకుండా తన మీదున్న సిస్టమ్‌తోనే నడిపించే లైవ్ పెన్‌డ్రైవ్‌తో మెషీన్ లేచింది. అన్నిటికంటే ముందు ఫైళ్ళు కాపీ పెట్టాను. 38 జీబీ. రైతుల పాస్‌బుక్కులు, సర్టిఫికెట్లు, జనాల ఆధార్ స్కాన్లు, ఎప్పటివో. పని అయిపోయాక ఇవి షాపులో ఉండకూడదని బావగారికి ఇదివరకే రెండుసార్లు చెప్పాను, ఈసారి గట్టిగానే చెప్పాను. కాపీ అయ్యేసరికి గంటన్నర పట్టింది, ఈలోపు అక్క పెసరట్టు పంపించింది.

పార్టిషన్లు మూడు. ఒకటోది ఈఎఫ్‌ఐ, మెషీన్ ఆన్ కాగానే మొదట చూసేది, 512 ఎంబీ. రెండోది నేను కోసిన బూట్, 300 ఎంబీ. మూడోది మిగతా అంతా, రూట్. రెండోదాన్ని ఒకచోట మౌంట్ చేసి, అంటే ఒక ఫోల్డర్‌కు తగిలించి, తెరిచాను: గ్రబ్ ఫోల్డర్, ఖాళీ ఈఎఫ్‌ఐ ఫోల్డర్, లాస్ట్ అండ్ ఫౌండ్. అంతే. ఊడ్చిన గచ్చులా ఉంది.

ఇప్పుడు చేయాల్సింది, లైవ్ సిస్టమ్‌లో కూర్చుని లోపలి సిస్టమ్‌లోకి దూరడం. దాన్ని సీహెచ్‌రూట్ అంటారు. రూట్ పార్టిషన్ మౌంట్ చేసి, దానికి డెవ్, ప్రాక్, సిస్, రన్ ఫోల్డర్లు నాలుగూ జోడించి లోపలికి వెళ్తే, ఆ టెర్మినల్‌కు సంబంధించినంతవరకూ మనం షాపు కంప్యూటర్‌లోనే ఉన్నట్టు. రన్ జోడించడం చాలామంది మర్చిపోతారు, అది లేకపోతే నెట్ ఉన్నా సైట్ల పేర్లు దొరకవు. నెట్ నా ఫోన్ నుంచి యూఎస్‌బీ వైరుతో ఇచ్చాను.

85 కెర్నల్ ప్యాకేజీని మళ్ళీ ఇన్‌స్టాల్ చేయమన్నాను. దిగింది, విప్పుకుంది, మూట కడుతున్నానంది. మధ్యలో ఒక హెచ్చరిక: బూట్‌లో ఈ కెర్నల్ కాన్‌ఫిగరేషన్ ఫైల్ లేదు, జెడ్‌స్టాండర్డ్ కుదింపు పనిచేస్తుందో లేదో చూసుకోలేకపోతున్నాను. చివర్లో గ్రబ్ తన కాన్‌ఫిగ్ రాయబోయి, ఆ డైరెక్టరీయే లేదంటూ ఎర్రర్‌తో ఆగింది. బూట్ ఫోల్డర్‌లో చూశాను, కెర్నల్ ఉంది, మూట ఉంది. కావలసింది అవే కదా, మెనూ ఎలాగూ పాతది ఉంది, లైవ్‌లో గ్రబ్ ఇలాగే సణుగుతుందిలే అనుకున్నాను.

రీబూట్. పెన్‌డ్రైవ్ తీసేశాను. బావగారు, మేనకోడలు, ఎదురు కొట్టాయన, అందరూ చూస్తున్నారు.

ఫైల్ నాట్ ఫౌండ్.

చాలాసేపు ఏమీ అర్థం కాలేదు. ఫైళ్ళు నా కళ్ళతో చూశాను. ఎస్‌ఎస్‌డీ రాసినట్టు నటిస్తోందా అని కూడా అనుకున్నాను. మళ్ళీ లైవ్‌లోకి వెళ్ళి రెండో పార్టిషన్ తెరిచాను. గ్రబ్, ఈఎఫ్‌ఐ, లాస్ట్ అండ్ ఫౌండ్. పొద్దున ఎలా ఉందో అలాగే ఉంది. మూడో పార్టిషన్ తెరిచి అందులోని బూట్ ఫోల్డర్ చూశాను. కెర్నల్ అక్కడ కూర్చుని ఉంది, మూట పక్కనే.

అప్పుడు వెలిగింది. రెండో పార్టిషన్‌ను నేను మౌంట్ చేసింది పొద్దున చూడ్డానికి, వేరే చోట. సీహెచ్‌రూట్‌లోకి వెళ్ళేముందు దాన్ని రూట్‌లోని బూట్ మీద తగిలించాలి, తగిలించలేదు. చూశాను కాబట్టి అయిపోయిందనుకున్నాను. బూట్ పార్టిషన్ తగిలించనప్పుడు దాని కింద ఉత్త బూట్ ఫోల్డర్ ఒకటి ఉంటుంది, గోడకి మేకులాగా. ఫైళ్ళన్నీ ఆ ఉత్త ఫోల్డర్‌లోకి పోయాయి. గ్రబ్ వెతికేది మాత్రం రెండో పార్టిషన్‌లో.

బావగారికి చెప్తే, "అంటే శుభలేఖలన్నీ పక్కూరికి పోస్టు చేశావన్నమాట" అన్నారు. రెండు రోజులుగా ఆయన మోసిన నిందకి అది న్యాయమైన వడ్డీ.

ఆ డైరెక్టరీ లేదన్న ఎర్రర్ ఎందుకొచ్చిందో ఇప్పుడు వేరే చెప్పక్కర్లేదు. కాన్‌ఫిగరేషన్ ఫైల్ లేదన్న హెచ్చరికలో ఇంకో ముక్క కూడా ఉంది. ఆ ఫైలు కెర్నల్ ప్యాకేజీలో రాదు, మాడ్యూల్స్ ప్యాకేజీలో వస్తుంది, రెండూ మళ్ళీ ఇన్‌స్టాల్ చేయాలి. నేను ఒక్కదాన్నే చేశాను.

రెండోసారి వరస తప్పకుండా వెళ్ళాను. మూడో పార్టిషన్, దాని బూట్ మీద రెండోది, దాని ఈఎఫ్‌ఐ మీద ఒకటోది, తర్వాత ఆ నాలుగు ఫోల్డర్లు, అప్పుడు సీహెచ్‌రూట్. లోపలికి వెళ్ళాక ముందు డీఎఫ్ కొట్టి, బూట్ అనే లైన్ విడిగా కనపడిందాకా ఇంకేమీ ముట్టుకోలేదు. 85కు రెండు ప్యాకేజీలు, తోడుగా 84కు రెండు. 64ను శాశ్వతంగా పంపించేశాను. ఆగిపోయిన కాన్‌ఫిగరేషన్ పూర్తి చేయించి, గ్రబ్ జాబితా మళ్ళీ రాయించాను. 85 దొరికింది, 85 మూట దొరికింది. 84 దొరికింది, 84 మూట దొరికింది. ఈసారి జంటలు వేలితో లెక్కపెట్టాను.

సాయంత్రం నాలుగూ నలభైకి లాగిన్ స్క్రీన్ వచ్చింది. ఎవరూ చప్పట్లు కొట్టలేదు. ఒక పెద్దాయన లైఫ్ సర్టిఫికెట్ ప్రింట్ కోసం మధ్యాహ్నం నుంచీ బల్ల మీద కూర్చుని ఉన్నాడు, ఆయన కాగితం తీసిచ్చాం.

నవంబరు 9, ఆదివారం

రాత్రి అక్కవాళ్ళింట్లో పడుకున్నాను గానీ నిద్ర సరిగా పట్టలేదు. ఆ 300 ఎంబీ పార్టిషన్ అలా ఉన్నంతకాలం ఇది మళ్ళీ వస్తుంది. దాన్ని పెద్దది చేయాలంటే పక్కనున్న రూట్‌ను జరపాలి, 200 జీబీ పైచిలుకు పార్టిషన్‌ను కరెంటు వస్తూ పోతూ ఉండే ఊళ్ళో గంటల తరబడి జరపడం అంటే టెన్షనే. అసలు నిన్న ఫైళ్ళు తప్పుగా చేరిన చోటే సరైన చోటేమో అని తెల్లవారుజామున తట్టింది. రూట్‌లో చోటు బోలెడు. బూట్‌కు వేరే పార్టిషన్ ఎందుకు, తీసేస్తే పోలా?

షాపు సెలవు. పొద్దున పని మొదలుపెట్టాను. బూట్‌లో ఉన్నదంతా రూట్‌లో ఒక పక్క కాపీ చేశాను. ఈఎఫ్‌ఐ, బూట్ రెంటినీ ఆ వరసలోనే అన్‌మౌంట్ చేశాను. కింద నిన్నటి దయ్యం ఫైళ్ళు బయటపడ్డాయి, 90 ఎంబీ, వాటిని తీసేశాను. (పూర్తి పేర్లు కొట్టి. స్టార్ ముట్టుకోలేదు.) కాపీని అక్కడికి మార్చాను. బూట్ అయినప్పుడు ఏది ఎక్కడ తగిలించాలో చెప్పే ఎఫ్‌ఎస్‌ట్యాబ్ ఫైల్‌లో బూట్ లైన్ ముందు హ్యాష్ పెట్టి, ఈఎఫ్‌ఐని మళ్ళీ మౌంట్ చేశాను.

ఇక్కడ ఆగి రీబూట్ చేస్తే ఇంకోసారి మునిగేవాణ్ణి. ఈఎఫ్‌ఐ పార్టిషన్‌లో గ్రబ్‌కు మూడే లైన్ల చిన్న చీటీ ఒకటి ఉంటుంది: ఫలానా యూయూఐడీ ఉన్న పార్టిషన్ వెతుకు, అందులో నా ఫోల్డర్ ఇదీ, అక్కడి కాన్‌ఫిగ్ చదువు. ఆ చీటీలో ఇంకా రెండో పార్టిషన్ చిరునామానే ఉంది. అద్దె ఇల్లు మారినా ఆధార్‌లో పాత అడ్రసే ఉన్నట్టు. గ్రబ్ ఇన్‌స్టాల్ కమాండు మళ్ళీ నడిపితే చీటీ కొత్తగా రాసుకుంటుంది. నడిపాను. చీటీ తెరిచి యూయూఐడీని మూడో పార్టిషన్‌ దానితో మొదటి నుంచి చివరిదాకా పోల్చాను, మేనకోడలు చదువుతుంటే నేను కాగితం మీద టిక్ పెట్టుకుంటూ. గ్రబ్ జాబితా కూడా ఇంకోసారి రాయించాను. అందులో దారి ఇప్పుడు మారి ఉండాలి, ఇంతకుముందు నేరుగా కెర్నల్ పేరుండేది, ఇప్పుడు దాని ముందు బూట్ ఫోల్డర్ పేరు కూడా ఉంది. సరిపోయింది.

రీబూట్ చేస్తే లేచింది. ఆపి మళ్ళీ ఆన్ చేశాను, లేచింది. 84తో కూడా ఒకసారి లేపి చూశాను.

రెండో పార్టిషన్‌ను చెరపలేదు, ఓ వారం అలాగే ఉండనిస్తున్నాను. అప్‌డేట్ మేనేజర్ ప్రిఫరెన్సెస్‌లో, ఆటోమేషన్ కింద, వాడని పాత కెర్నళ్ళు తీసేసే ఆప్షన్ ఉంది. దానికి టిక్ పెట్టాను, ఆరు నెలల క్రితం పెట్టాల్సింది. సిస్టమ్‌ను పాత స్థితికి తిప్పగలిగే టైమ్‌షిఫ్ట్ కూడా ఆన్ చేశాను, వారానికొక స్నాప్‌షాట్, రెండు ఉంటే చాలు. ఆధార్ స్కాన్లు ఏడాది దాటినవన్నీ బావగారి చేతే చెరిపించాను. ఆయన ఒక్కోటి చూసి, "ఈయన పోయిన సంక్రాంతికే పోయాడురా" అంటూ చెరుపుతుంటే గంట పట్టింది.

మూడున్నర బస్సుకి బయల్దేరాను.

నవంబరు 16, ఆదివారం

నిన్న కొత్త కెర్నల్ ఒకటి వచ్చింది. బావగారు నాకు ఫోన్ చేసి, లైన్లో పెట్టి మరీ అప్‌డేట్ కొట్టారు. డబ్బా ఏదీ రాలేదు. రీబూట్ అయింది. డీఎఫ్‌లో ఇప్పుడు బూట్ అనే లైనే లేదు. 300 ఎంబీ పార్టిషన్ ఖాళీగా పడి ఉంది, ఈసారి వెళ్ళినప్పుడు చూస్తాను.

పొద్దున తొమ్మిదింటికి వాట్సాప్‌లో ఒక ఫోటో వచ్చింది. స్క్రీన్ మధ్యలో చిన్న డబ్బా, దాని కింద బావగారి మెసేజ్: "ఇది చదివాను. ప్రింటర్‌లో ఇంకు తక్కువుందంటోంది. క్లోజ్ కొట్టొచ్చా?"

కొట్టమన్నాను.